తలదాచుకొనే చోటు - ఆరోగ్యం : సూరత్ నేర్పిన పాఠం

తపతీ నది అరేబియా సముద్రంలో కలిసే చోటికి చేరువలో వెలసిన సూరత్ నగరం మొగలుల కాలంలోనే ప్రఖ్యాతి గాంచిన రేవు పట్టణం. ఆంగ్లేయులు పదిహేడవ శతాబ్ది ఆరంభంలో మన దేశంలో తమ వర్తక స్థావరాన్ని నెలకొల్పుకొన్నది ఇక్కడనే. కాలక్రమంలో రేవు వ్యాపారం బొంబాయికి తరలిపోయినప్పటికీ ఇరవయ్యవ శతాబ్ది ఉత్తరార్ధంలో ఈ నగరం మరమగ్గాల మూలంగా, వజ్రాల సానపట్టు పరిశ్రమ మూలంగా తిరిగి వెలుగులోకి వచ్చింది. ప్రపంచంలో సానపట్టే వజ్రాలలో అత్యధిక భాగం సూరత్ కార్మికుల చేతుల మీదుగానే పోతున్నది. దేశంలో తయారయ్యే కృత్రిమ పట్టు వస్త్రాలకు ఇది ప్రధాన కేంద్రం.

పని ఉన్న చోటికి జనం రావడం సహజం. 1991 జనాభా లెక్కల నాటికి సుమారు 15 లక్షలున్న సూరత్ నగర జనాభా 2001లో 24 లక్షలు దాటింది. 2011లో 44 లక్షల 67 వేలకు చేరుకొన్నది. నగర సరిహద్దుల విస్తరణ ఈ పెరుగుదలకు కొంత కారణమే అయినా, ప్రధాన కారణం వలస. ఒరిస్సాలోని గంజాం జిల్లా నుండి, మహారాష్ట్రలోని ఖాందేశ్ నుండి, ఉత్తరప్రదేశ్, బీహార్, రాజస్థాన్‌ల నుండి, సౌరాష్ట్ర నుండి లక్షలాది శ్రామికులు ఇక్కడికి చేరారు. తెలంగాణ జిల్లాల నుండి చేనేత దెబ్బతిన్న తరువాత బయలుదేరిన పద్మశాలీ కుటుంబాలు భివండి, షోలాపూర్‌లతో పాటు సూరత్‌ను కూడా తమ జీవనస్థానంగా చేసుకొన్నాయి. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒరియా భాషలతో పాటు తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడుపుతూ వచ్చిందంటే అక్కడి తెలుగువారి సంఖ్యను ఊహించవచ్చు.

వచ్చినవారందరికీ నగరం పని చూపించింది. కాని పడుకొనేందుకు చోటు చూపించలేదు. ఈ రెంటికీ మధ్య ఏర్పడిన అగాధంలోనే సూరత్ ప్రజారోగ్య చరిత్ర ఇమిడి ఉన్నది.

1994 సెప్టెంబరు

1994 సెప్టెంబరులో తపతీ నదికి వరద వచ్చింది. పల్లపు ప్రాంతాలలోని పేటలలో నీరు నిలిచిపోయింది. చెత్త, బురద, చచ్చిన పశువుల కళేబరాలు తొలగించేవారు లేక వీధులలోనే ఉండిపోయాయి. ఆ నెల మూడవ వారంలో వేద్ రోడ్డు ప్రాంతంలో తీవ్ర జ్వరంతో, దగ్గుతో బాధపడుతూ కొందరు ఒకటి రెండు రోజులలోనే మరణించారు. అంతకు కొద్ది వారాల ముందు మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో గడ్డల ప్లేగు కనిపించింది. సూరత్‌లో కనిపించినది ఊపిరితిత్తుల ప్లేగు అన్న వార్త క్షణాలలో నగరమంతటా వ్యాపించింది.

సుమారు మూడు దశాబ్దాలుగా దేశంలో ప్లేగు మాట వినబడలేదు. అందువల్ల భయం రోగం కంటె వేగంగా ప్రయాణించింది. కొద్ది రోజులలోనే లక్షల మంది రైళ్లలో, బస్సులలో, లారీలలో నగరం విడిచి పోయారు. ప్రైవేటు వైద్యులలో అనేకులు తమ వైద్యశాలలు మూసివేశారు. కొన్ని దేశాలు భారతదేశానికి విమానాలను నిలిపివేశాయి; ఎగుమతులు దెబ్బతిన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం దేశం మొత్తం మీద ప్లేగుగా భావించదగిన కేసులు 876, మరణాలు 54. సూరత్‌లో మరణించినవారిలో ఎక్కువమంది పేటలలో నివసించే శ్రామికులు.

ఈ వ్యాధి నిజంగా ప్లేగేనా అన్న వివాదం కొంతకాలం సాగింది. దానిని పరిశీలించేందుకు భారత ప్రభుత్వం నియమించిన సాంకేతిక సలహా సంఘానికి ఆచార్య వులిమిరి రామలింగస్వామి అధ్యక్షత వహించారు. శ్రీకాకుళంలో జన్మించి, అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు సంచాలకులుగా, భారత వైద్య పరిశోధన మండలికి అధిపతిగా పనిచేసిన ఈ తెలుగు శాస్త్రవేత్త నాయకత్వంలోని సంఘం అది ప్లేగేనని నిర్ధారించింది.

వైద్యశాస్త్రం తన ప్రశ్నకు సమాధానం చెప్పింది. అయితే మరొక ప్రశ్న మిగిలి ఉన్నది. సంపదలో దేశంలోనే ముందు వరుసలో ఉన్న నగరంలో, మధ్యయుగాల నాటిదని భావించిన రోగం ఎందుకు తలయెత్తింది? తలయెత్తినప్పుడు అది మొదట ఎవరిని వెదకి పట్టుకొన్నది?

ఒక పరిశోధకుని ప్రశ్న

ఈ ప్రశ్నను తన అధ్యయన విషయంగా చేసుకొన్నవారు ఆచార్య ఘనశ్యామ్ షా. సూరత్‌లోని సామాజిక అధ్యయన కేంద్రంలో దీర్ఘకాలం పరిశోధనలు సాగించిన షా, ఆ తరువాత ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో సామాజిక వైద్యం, సమాజారోగ్య విభాగంలో ఆచార్యులుగా పనిచేశారు. ఆయన స్వతహాగా రాజనీతి శాస్త్రవేత్త. ప్రజారోగ్యాన్ని పరిశీలించేందుకు రాజనీతి శాస్త్రవేత్త పూనుకోవడం మొదట వింతగా తోచవచ్చు. కాని ఆ పూనిక వెనుక ఒక స్పష్టమైన దృక్పథం ఉన్నది. సూక్ష్మజీవి ఏదో చెప్పగలిగేది ప్రయోగశాల; అయితే ఆ సూక్ష్మజీవికి అనువైన నేలను సిద్ధం చేసినదెవరో చెప్పాలంటే పురపాలక సంఘాల పద్దులను, మురుగు కాలువల పటాలను, భూముల ధరలను, కూలి ఒప్పందాలను చదవవలసి ఉంటుంది.

ప్లేగును, నగరాభివృద్ధిని కలిపి పరిశీలించిన ఆయన గ్రంథం 1997లో వెలువడింది. ప్లేగు ఆకాశం నుండి ఊడిపడిన ఉపద్రవం కాదనీ, నగరం పెరిగిన తీరులోనే దాని మూలాలున్నాయనీ ఆ అధ్యయనం విశదం చేసింది. పరిశ్రమలు పెరిగిన వేగంతో మురుగు నీటి పారుదల గాని, చెత్త తొలగింపు గాని, నీటి సరఫరా గాని పెరగలేదు. లాభం కొందరికి చేరింది. మురికి మరికొందరి గుమ్మం ముందు పేరుకొన్నది. ప్రజారోగ్యం అంటే ఆసుపత్రులూ మందులూ మాత్రమేనన్న భావన పాలకులలోను, విద్యావంతులలోను పాతుకొనిపోవడం వల్ల, రోగం రాకుండా చూసే పని ఎవరి బాధ్యతా కాకుండా పోయింది.

ఈ ఆలోచనాధారకు ప్రపంచంలో సుదీర్ఘ చరిత్ర ఉన్నది. 1848లో జర్మనీలోని ఎగువ సైలీషియా ప్రాంతంలో టైఫస్ జ్వరం ప్రబలినప్పుడు ప్రష్యా ప్రభుత్వం రుడాల్ఫ్ విర్కో అనే యువ వైద్యుని పరిశీలనకు పంపింది. మందుల జాబితాతో తిరిగివస్తాడనుకొన్న ఆ వైద్యుడు ప్రజాస్వామ్యం, విద్య, ఉపాధి కావాలని నివేదిక ఇచ్చాడు. ఇంగ్లండులో 1967లో ఆరంభమైన ఒక అధ్యయనం ప్రభుత్వోద్యోగులను మాత్రమే పరిశీలించింది. వారిలో ఎవరూ నిరుపేదలు కారు. అయినప్పటికీ అత్యల్ప శ్రేణి ఉద్యోగులలో గుండె జబ్బు మరణాల రేటు అత్యున్నత శ్రేణి ఉద్యోగులలో కంటె సుమారు మూడు రెట్లు అధికంగా కనిపించింది. ఆరోగ్య అసమానత అంటే ధనికులొక వైపు, పేదలొక వైపు మాత్రమే కాదు. అది మెట్లు మెట్లుగా ఉంటుందని దీనివల్ల తేలింది. ఈ పరిశోధనలలో ప్రముఖులైన మైకేల్ మార్మట్ అధ్యక్షతన ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో ఒక సంఘాన్ని నియమించింది. ఆరోగ్యాన్ని నిర్ణయించే సామాజిక కారణాలపై ఆ సంఘం 2008లో నివేదిక సమర్పించింది. అందులో అమర్త్య సేన్, అహమ్మదాబాదులోని స్వయం ఉపాధి మహిళా సంఘానికి చెందిన మిరాయ్ చటర్జీ సభ్యులు.

ఆ మెట్ల వరుసలో అట్టడుగున నిలిచినవాడు ఇల్లు లేనివాడు.

ఇల్లు లేకపోతే ఏమవుతుంది?

ఇంటిని సాధారణంగా ఆస్తిగా లెక్కిస్తాము. ప్రజారోగ్య దృష్టితో చూసినప్పుడు ఇల్లు ఒక చికిత్సా సాధనం. దాని నాలుగు గోడలు చలిని, వానను, దోమను, వాహనాన్ని ఆపుతాయి. దాని తలుపు నిద్రకు రక్షణ ఇస్తుంది. దాని గూటిలో మందు సీసా, చికిత్స కాగితం భద్రంగా ఉంటాయి. దాని కుండలో మంచినీరు నిలువ ఉంటుంది.

క్షయ రోగాన్ని ఉదాహరణగా తీసుకొనవచ్చు. సామాన్య క్షయకు కనీసం ఆరు నెలలు క్రమం తప్పక మందు వాడాలి. మందును ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. అయితే వంతెన క్రింద పడుకొనేవాడు ఆ మందును ఎక్కడ దాచుకొంటాడు? పని మారినప్పుడల్లా చోటు మారే కూలీని ఆరోగ్య కార్యకర్త ఏ చిరునామాకు వెళ్లి పలకరిస్తుంది? మందు మధ్యలో ఆగితే రోగం తిరగబెట్టడమే గాక, మందులకు లొంగని రూపం దాల్చే ప్రమాదం ఉన్నది. అప్పుడు అది ఒక వ్యక్తి సమస్యగా మిగలక నగరమంతటి సమస్య అవుతుంది.

శస్త్రచికిత్స జరిగిన రోగిని ఇంటికి పంపుతూ వైద్యుడు విశ్రాంతి తీసుకొమ్మని, గాయం తడవకుండా చూసుకొమ్మని, వేళకు పోషకాహారం తినమని చెబుతాడు. ఈ మూడు సూచనలకూ ఇల్లు పునాది. ఇల్లు లేని రోగి విషయంలో ఆ సూచనలు అమలుకు నోచుకోవు. అతడు కొద్ది రోజులకే అదే ఆసుపత్రికి మరింత విషమించిన స్థితిలో తిరిగి వస్తాడు. రోగి నిర్లక్ష్యమని రికార్డులో నమోదు కావచ్చు. వాస్తవానికి అది అతని నిర్లక్ష్యం కాదు.

వీధిలో జీవించేవారికి చర్మ వ్యాధులు, అతిసారం, మలేరియా, గాయాలు నిత్యకృత్యాలు. స్త్రీలకు స్నానానికి, కాలకృత్యాలకు చాటు లేకపోవడం వల్ల కలిగే బాధలు అదనం. మరుగుదొడ్డి దొరకదన్న భయంతో నీరు త్రాగడం తగ్గించుకొనేవారు మూత్రకోశ వ్యాధులకు గురి అవుతారు. పసిబిడ్డకు టీకా వేయించవలసిన తేదీ వచ్చేసరికి తల్లి మరొక పనిచోట ఉంటుంది. వీటన్నిటికీ తోడు ఎవరైనా వచ్చి లేపుతారేమోనన్న ఆందోళన. ఏళ్ల తరబడి నిండు నిద్ర ఎరుగని శరీరం ఏ రోగాన్నయినా ఎదిరించే శక్తిని క్రమంగా కోల్పోతుంది.

పైకప్పు ఉన్నా ఇల్లు లేనివారు

ఇల్లు లేకపోవడమంటే కాలిబాట మీద పడుకోవడం మాత్రమే కాదని సూరత్ పరిస్థితులు తెలియజేస్తాయి. దక్షిణ గుజరాత్‌లో 1960 దశాబ్ది ఆరంభం నుండి క్షేత్ర పరిశోధన సాగించిన డచ్చి సామాజిక శాస్త్రవేత్త యాన్ బ్రెమన్, నిలకడ లేకుండా పని వెంట తిరిగే శ్రామికుల జీవితాన్ని సవివరంగా వర్ణించారు. బార్డోలీ ప్రాంతపు చక్కెర కర్మాగారాల కోసం చెరకు నరికేందుకు ఖాందేశ్ నుండి వచ్చే కుటుంబాలు నెలల తరబడి పొలాల గట్ల మీద, తాత్కాలిక గుడిసెలలో కాలం గడపడాన్ని ఆయన 1970 దశాబ్దిలోనే లోకం దృష్టికి తెచ్చారు. మరమగ్గాల కార్మికుల బతుకును కూడా ఆయన పరిశీలించారు.

గంజాం నుండి వచ్చిన ఒరియా కార్మికులలో అనేకులు 'మెస్' అని పిలువబడే వసతి గదులలో ఉంటారు. ఒక్కొక్క హాలులో పదుల సంఖ్యలో, కొన్ని చోట్ల నూరు మంది వరకు, రెండు వంతులుగా నివసిస్తారు. మగ్గాల మీద పని పన్నెండు గంటల వంతు. పగటి వంతువారు పనికి పోగానే రాత్రి వంతువారు వచ్చి అదే చాప మీద పడుకొంటారు. చాప చల్లబడే వ్యవధి ఉండదు. కిటికీలు తక్కువ, వంటగది, స్నానపు గది ఇరుకు. ఒకరికి దగ్గు వస్తే ఆ గాలినే అందరూ పీల్చాలి. మగ్గాల హోరులో పన్నెండు గంటలు గడిపి వచ్చినవానికి మిగిలిన పన్నెండు గంటలలోనైనా నిశ్శబ్దం దొరకదు. ఇట్టివారిని జనాభా లెక్కలు ఇల్లు లేనివారిగా పరిగణించవు. అయినా కుటుంబాన్ని తెచ్చుకోలేని, జబ్బుపడితే పగలు పడుకొనేందుకు చోటు లేని గదిని ఇల్లు అనడం కష్టం.

కుటుంబాలతో వచ్చి లింబాయత్, ఉధనా వంటి శ్రామిక ప్రాంతాలలో స్థిరపడిన తెలుగు నేతగాళ్ల స్థితి దీనికి కొంత భిన్నం. ఇరుకైనదే అయినా వారికొక ఇల్లు ఉన్నది, బడి ఉన్నది, కులసంఘం, గుడి, పండుగ ఉన్నాయి. జబ్బుపడినప్పుడు పలకరించే పొరుగువాడున్నాడు. ఒకే నగరంలో ఒకే విధమైన మగ్గం మీద పనిచేసే ఇద్దరి మధ్య ఈ తేడా చాలు, ఒక జ్వరం ఒకరికి వారం రోజుల బాధగాను, మరొకరికి స్వగ్రామానికి తిరుగు ప్రయాణంగాను పరిణమించేందుకు.

నగరం తన ముఖం కడుగుకొన్నది

ప్లేగు తరువాత సూరత్ నిస్పృహలో మునిగిపోలేదు. 1995 మే నెలలో ఎస్.ఆర్. రావు నగరపాలక సంస్థ కమిషనరుగా బాధ్యతలు స్వీకరించారు. నగరాన్ని ఆరు మండలాలుగా విభజించి, ప్రతి మండలాధికారికి నిర్ణయాధికారాన్ని అప్పగించారు. అధికారులు చల్లని గదులు విడిచి ప్రతి ఉదయం వీధులలో తిరగాలన్న నియమం అమలులోకి వచ్చింది. చెత్త రోజుకు రోజు తొలగించబడింది. ప్రధాన వీధులను రాత్రివేళ ఊడ్చే పద్ధతి ఏర్పడింది. పేటలలో సందులకు రాళ్లు పరిచారు. నీటి కుళాయిలు, మరుగుదొడ్లు కల్పించారు. పలుకుబడి గలవారి అక్రమ కట్టడాలు సైతం కూల్చబడ్డాయి. ఆసుపత్రుల నుండి, ఆరోగ్య కేంద్రాల నుండి రోగాల సమాచారాన్ని దినదినం సేకరించే విధానం రూపొందింది. 1996లో ఇన్‌టాక్ సంస్థ సూరత్‌ను చండీగఢ్ తరువాత దేశంలో రెండవ పరిశుభ్ర నగరంగా ప్రకటించింది. 2023వ సంవత్సరపు స్వచ్ఛ సర్వేక్షణలో ఇండోర్‌తో కలిసి సూరత్ ప్రథమ స్థానం పొందింది.

ఇది సామాన్య విజయం కాదు. మురికి విధివిలాసం కాదనీ, పరిపాలన తలచుకొంటే రెండేళ్ల లోపలనే ఒక మహానగరం రూపురేఖలు మారగలవనీ అది నిరూపించింది. దీనివల్ల అత్యధికంగా మేలు పొందినవారు కూడా పేటలవాసులే.

అయితే శుభ్రమైన వీధి వేరు, ఆ వీధిలో పడుకొనేవాని ఆరోగ్యం వేరు. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుండి భారీగా నీరు విడుదల కావడంతో నగరంలో అధిక భాగం మునిగిపోయింది. నదీ తీరాన, వాగుల గట్ల మీద నివసించేవారు సర్వస్వం కోల్పోయారు. ఆ తరువాత పునరావాస గృహాలు కోసాడ్ వంటి శివారు ప్రాంతాలలో నిర్మించబడ్డాయి. పక్కా ఇల్లు దొరికింది, పనిచోటు దూరమైంది. ఇల్లు, పని, ఆసుపత్రి - ఈ మూడింటి మధ్య దూరం కూడా ఆరోగ్యాన్ని నిర్ణయిస్తుందన్న సంగతి దీనివల్ల బోధపడుతుంది. 2020 ఏప్రిల్‌లో కరోనా కట్టడి సమయంలో తమను స్వస్థలాలకు పంపమని కోరుతూ వేలాది వలస కార్మికులు సూరత్ వీధులలోకి వచ్చారు. ఇంటిలోనే ఉండుమన్న సూచన ఇల్లు ఉన్నవారికి చెప్పదగినది. వంతుల మీద నిద్రించే గదిలో రెండు వంతులవారూ ఒకేసారి ఉండవలసి వస్తే ఏమవుతుందో ఆ రోజులు తేటతెల్లం చేశాయి.

లెక్కకు అందనివారు

2011 ఫిబ్రవరి 28వ తేదీ రాత్రి దేశవ్యాప్తంగా ఇల్లు లేనివారి గణన జరిగింది. రోడ్ల ప్రక్కన, కాలిబాటల మీద, సిమెంటు గొట్టాలలో, వంతెనల క్రింద, మెట్ల క్రింద, ఆలయ ప్రాంగణాలలో, రైల్వే ప్లాట్‌ఫారముల మీద నిద్రించేవారిని గణకులు వెదకి నమోదు చేశారు. మొత్తం 17 లక్షల 72 వేల మంది లెక్కకు వచ్చారు. వారిలో 9 లక్షల 38 వేల మంది పట్టణాలలో ఉన్నారు. ఒక్క రాత్రిలో, చీకటిలో, చోటు మారుతూ ఉండే మనుష్యులను లెక్కించడం ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. లెక్కలోకి రానివాడు ప్రణాళికలోకి రాడు. ప్రణాళికలోకి రానివానికి పద్దులో పైకం ఉండదు.

ఆహార హక్కుకు సంబంధించిన వ్యాజ్యంలో సుప్రీం కోర్టు 2010లో ముఖ్యమైన ఆదేశాలు ఇచ్చింది. 5 లక్షలకు మించిన జనాభా గల నగరాలలో ప్రతి లక్ష జనాభాకు ఒకటి చొప్పున ఇరవై నాలుగు గంటలూ తెరచి ఉండే ఆశ్రయ గృహం ఉండాలన్నది వాటి సారాంశం. 2013లో ఆరంభమైన జాతీయ పట్టణ జీవనోపాధి పథకంలో పట్టణ నిరాశ్రయుల ఆశ్రయాలకు ప్రత్యేక విభాగం ఏర్పడింది. లక్ష జనాభాకు కనీసం నూరు మందికి వసతి, మనిషికి 50 చదరపు అడుగుల స్థలం ఉండాలని దాని మార్గదర్శక సూత్రాలు నిర్దేశించాయి. ఈ కొలమానంతో చూస్తే, 2011 నాటి జనాభాకే సూరత్‌లో సుమారు 4,500 మందికి ఆశ్రయం అవసరమవుతుంది. ఆ తరువాత 2020లో ఆరంభమైన సరసమైన అద్దె గృహాల పథకం క్రింద ఖాళీగా ఉన్న ప్రభుత్వ గృహాలను వలస కార్మికులకు అద్దెకిచ్చే ప్రయత్నం ముందుగా చేపట్టిన నగరాలలో సూరత్ ఒకటి.

చట్టాలు లేకపోలేదు. అంతర్రాష్ట్ర వలస కార్మికుల కోసం 1979లో పార్లమెంటు చేసిన చట్టం, పనికి తీసుకువచ్చిన గుత్తేదారు వారికి తగిన వసతిని, ఉచిత వైద్యాన్ని సమకూర్చాలని శాసించింది. కాని పేరు నమోదు కానిదే చట్టం కూలీని గుర్తించదు. నమోదుకు చిరునామా కావాలి. చిరునామాకు ఇల్లు కావాలి. ఈ వలయంలో చిక్కుకొన్నవాడు బయటపడే మార్గం కానరాదు.

2021 జనవరి 19వ తేదీ తెల్లవారకముందు సూరత్ జిల్లాలోని కోసంబ సమీపంలో రోడ్డు ప్రక్కన నిద్రిస్తున్న కూలీల మీదుగా ఒక లారీ దూసుకుపోయింది. 15 మంది మరణించారు. వారు రాజస్థాన్‌లోని బాంస్‌వాడా ప్రాంతం నుండి పనికి వచ్చినవారు. దినపత్రికలు దీనిని రోడ్డు ప్రమాదంగా పేర్కొన్నాయి. ప్రజారోగ్య పరిశోధకుని దృష్టిలో ఇది ప్రమాదమే అయినా, నిద్రించేందుకు గోడ లేకపోవడం వల్ల సంభవించిన మరణం కూడా. క్షయ వలె, అతిసారం వలె దీని మూలం కూడా తలదాచుకొనే చోటు లేకపోవడమే.

పాఠం

సూరత్ దేశానికి రెండు పాఠాలు నేర్పింది. మొదటిది అందరికీ తెలిసినదే: నగరం శుభ్రంగా ఉంటే రోగాలు తగ్గుతాయి. రెండవది ఇంకా అంతగా జీర్ణం కాలేదు: నగరాన్ని శుభ్రం చేసే చేతులకు, మగ్గం నడిపే చేతులకు, వంతెన కట్టే చేతులకు రాత్రిపూట విశ్రమించే చోటు లేనంతవరకు ఆ నగరం ఆరోగ్యం అసంపూర్ణమే.

సూరత్‌లో నేసిన చీర కటకంలోను, కాశీలోను, కరీంనగర్‌లోను అమ్ముడవుతున్నది. దానిని నేసినవాడు ఆ ఊళ్ల నుండి వచ్చినవాడే కావచ్చు. గుజరాతీ యజమాని, ఒరియా కార్మికుడు, తెలుగు నేతగాడు, మరాఠీ హమాలీ, రాజస్థానీ మేస్త్రీ ఒకే నగరంలో పనిని పంచుకొంటున్నారు. 1994లో భయం వారందరినీ ఒకే రైలు ఎక్కించింది. రోగం ఎవరి భాషనూ, ఎవరి రాష్ట్రాన్నీ అడగలేదు. కాని అది మొదట తట్టినది తలుపు లేనివారినే. తలుపు లేనివానికి ఒక తలుపు అమర్చడం దానధర్మం కాదు, నగరమంతటికీ రక్షణ. ఆచార్య షా వంటి పరిశోధకుల కృషి నుండి గ్రహించవలసిన సారం ఇదే.